పీసీసీకి అప్లై చేసే ముందు మీ కాగితాలన్నీ ఒకే మాట చెబుతున్నాయో లేదో చూసుకోండి

కువైట్ వీసా వచ్చింది, ఏజెంటు పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) తెమ్మన్నాడు అనగానే మన రాజోలు, నరసాపురం, పాలకొల్లు వైపు ఇళ్లల్లో ఒకటే టెన్షన్. పోలీసులు అన్న మాట వినగానే భయపడతారు. నిజానికి మన దగ్గర ఎక్కువ మందికి పని ఆగేది పోలీసుల దగ్గర కాదు, ఆధార్‌లో ఒక పేరు, పాస్‌పోర్టులో ఇంకో పేరు, కరెంటు బిల్లులో తాతగారి పేరు ఉండటం వల్ల ఆగుతుంది. ఇది ఇంట్లో కూర్చుని ముందే సరిచేసుకోవచ్చు. అందుకే వివరంగా రాస్తున్నాను.

పీసీసీ అంటే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్. మీ మీద క్రిమినల్ రికార్డు ఏమీ లేదని చెప్పే కాగితం. విదేశాలకు ఉద్యోగానికో, స్థిరపడటానికో, ఎక్కువ కాలం ఉండే వీసాకో వెళ్లేవాళ్లకి దీన్ని పాస్‌పోర్టు ఆఫీసు ఇస్తుంది. స్టేషన్ వాళ్లు విచారించి రిపోర్టు పంపుతారు, అంతవరకే వాళ్ల పని. ఊరికే చూసి రావడానికి టూరిస్టు వీసా మీద వెళ్లేవాళ్లకి ఇది ఇవ్వరు. ఇక్కడే హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో ఉద్యోగానికి కంపెనీ వాళ్లు అడిగే పోలీస్ వెరిఫికేషన్ వేరు, అది రాష్ట్ర పోలీసుల దగ్గర తీసుకునేది. ఈ రెండింటినీ కలిపేసుకుని ఒకదానికి బదులు ఇంకోటి తెచ్చుకుంటే డబ్బూ టైమూ రెండూ పోతాయి, కాబట్టి అడిగినవాళ్లకి కావలసింది ఏదో ముందు అడిగి రాయించుకోండి.

ఇప్పుడు అసలు పని. ఒక సాయంత్రం పూట తీరిగ్గా మంచం మీద కాగితాలన్నీ పరవండి. పాస్‌పోర్టు, ఆధార్, ఓటరు కార్డు, పదో తరగతి సర్టిఫికెట్, బ్యాంకు పాసు పుస్తకం, కరెంటు బిల్లు, గ్యాసు పుస్తకం, ఉంటే పెళ్లి సర్టిఫికెట్. అన్నిటికీ పెద్ద పాస్‌పోర్టే. పీసీసీ మీద పడేది పాస్‌పోర్టు నంబరు, పాస్‌పోర్టులో ఉన్న పేరు. అందుకని మిగతా కాగితాలని పాస్‌పోర్టుతో పోల్చి చూడాలి, ఒక్కో అక్షరం వేలు పెట్టి చదవాలి. లక్ష్మిలో ఎక్స్ రాశారా, కే ఎస్ హెచ్ రాశారా? సత్యవతి చివర టీ తర్వాత హెచ్ ఉందా లేదా? వెంకట అని ఉందా, ఒట్టి వీ అక్షరమేనా? ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉందా, లేక అసలు పేరుతో కలిసి గివెన్ నేమ్ గడిలోనే ఉందా? తండ్రి పేరు రెండింట్లోనూ ఒకేలా ఉందా? మనకి ఇవి చిన్న తేడాలే, కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషికి మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులు.

తేడా కనిపిస్తే ఏది మార్చాలి అన్నది ఆలోచించి చెయ్యండి. పాస్‌పోర్టు కరెక్టుగా ఉండి ఆధార్ తప్పుంటే ఆధారే మార్చుకోండి, అదే సులువు. కానీ ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. చేతిలో సరైన రుజువు లేకుండా తొందరపడి సెంటర్‌కి వెళ్లి ఆ ఒక్క అవకాశం వృథా చేసుకోవద్దు. మన అమ్మల తరంలో చాలామందికి ఆధార్‌లో పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉంటుంది, లేకపోతే జనవరి 1 అని ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంకో తేదీ ఉంటుంది. అలాంటివాళ్లు ముందు ఇది చూసుకోవాలి. పాస్‌పోర్టులోనే పేరు తప్పు పడి ఉంటే పీసీసీ సంగతి పక్కన పెట్టి ముందు పాస్‌పోర్టు రీ-ఇష్యూకి వెళ్లండి. తప్పు పేరు మీద పీసీసీ తెచ్చుకుంటే వీసా స్టాంపింగ్ దగ్గర మళ్లీ అదే గొడవ.

పెళ్లయిన ఆడవాళ్లకి ఒక మాట. పెళ్లయిందని పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చి తీరాలని రూలేమీ లేదు. పుట్టింటి పేరుతోనే పాస్‌పోర్టు ఉంటే ఉండనివ్వండి, ఆ పేరుతోనే పీసీసీ తీసుకోండి. చిక్కంతా సగం మార్చినప్పుడు వస్తుంది. మా వీధిలో ఒకావిడకి పాస్‌పోర్టు, పదో తరగతి సర్టిఫికెట్ పుట్టింటి పేరుతో, ఆధార్ అత్తింటి పేరుతో, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరే లేకుండా ఉండేవి. ఆవిడ మీద కేసు లేదు, గొడవ లేదు, ఊళ్లో అందరికీ తెలిసిన మనిషి. అయినా ఆధార్ మార్చుకుని వచ్చేదాకా ఫైలు కదల్లేదు. కువైట్‌లో ఆవిడ కోసం ఎదురు చూస్తున్న ఇంటివాళ్లు ఇంకొకరిని పెట్టేసుకుంటారేమోనని ఆ రోజుల్లో ఆవిడకి నిద్ర లేదు.

ఇక అడ్రసు. మన డెల్టాలో అన్నిటికన్నా ఎక్కువ తిరకాసు ఇక్కడే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అంతకు ముందు తీసుకున్న పాస్‌పోర్టుల్లో అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం వాళ్లకి తూర్పు గోదావరి అని ఉంటుంది, ఇప్పుడు ఆధార్ అప్‌డేట్ చేయించుకుంటే డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ కోనసీమ అని వస్తుంది. అటుపక్క పశ్చిమ గోదావరికి ఏలూరు జిల్లా కేంద్రంగా ఉండేది, ఇప్పుడు భీమవరం అయింది, ఏలూరు వేరే జిల్లా అయింది. జిల్లా పేరు ఒక్కటే మారింది కానీ మీరు ఇల్లు మారలేదు అంటే కంగారు పడక్కర్లేదు. ఊరు, మండలం, డోర్ నంబరు, పిన్‌కోడ్ కలిస్తే అది అదే ఇల్లని తెలుస్తుంది. జిల్లాలు మారినా కోనసీమ పిన్‌కోడ్లు 533తోనే, పశ్చిమ గోదావరి పిన్‌కోడ్లు 534తోనే మొదలవుతున్నాయి. ఫారంలో ఇప్పటి అడ్రసు దగ్గర ఇప్పుడున్న జిల్లా పెట్టండి. పుట్టిన ఊరు, పుట్టిన జిల్లా దగ్గర మాత్రం పాస్‌పోర్టులో ఏముందో అదే ఉంచండి, కొత్త జిల్లా వచ్చింది కదా అని అక్కడ మార్చకండి.

డోర్ నంబరు చూడండి. ఆధార్‌లో 3-45 అని, కరెంటు బిల్లులో 3-45/2 అని ఉంటుంది. అన్నదమ్ములు పంచుకున్నాక వెనక బై నంబరు వచ్చి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు చాలా ఇళ్లల్లో పోయిన తాతగారి పేరు మీదే నడుస్తుంటుంది, అది మీకు అడ్రసు ప్రూఫ్ అవదు. మీ పేరు మీద ఉన్న ఆధార్, ఓటరు కార్డు, ఫొటో అంటించి ఉన్న బ్యాంకు పాసు పుస్తకం, గ్యాసు కనెక్షన్ పేపరు ఇలాంటివి పనికొస్తాయి. పాసు పుస్తకం అయితే అకౌంటు నడుస్తూ ఉండాలి, ఎంట్రీలు వేయించుకుని వెళ్లండి. భర్త పాస్‌పోర్టులో భార్యగా మీ పేరు ఉంటే దాని మొదటి, చివరి పేజీల కాపీ కూడా అడ్రసుకి పనికొస్తుంది. రేషన్ కార్డు ఒక్కటే పట్టుకుని మాత్రం వెళ్లకండి.

లంక గ్రామాల వాళ్లకి ఇంకో ఇబ్బంది ఉంటుంది. వరద కాలంలో గట్టు మీదో, చుట్టాల ఇంట్లోనో ఉంటారు, కార్డులన్నీ లంక అడ్రసుతో ఉంటాయి. కానిస్టేబుల్ వచ్చిన రోజు ఇంటికి తాళం ఉంటే మనిషి దొరకలేదని రాసి పంపేస్తారు. వీలైతే జులై, ఆగస్టు, సెప్టెంబరు తప్పించి అప్లై చేసుకోండి, తప్పకపోతే ఫోన్ ఎప్పుడూ దగ్గర పెట్టుకుని పిలవగానే వెళ్లండి. 2022 జులై వరదలో కాగితాలు తడిసి పాడైనవాళ్లు చాలామంది ఉన్నారు. పాస్‌పోర్టు పేజీలు అతుక్కుపోయినా, ఫొటో మీద మరక పడినా దాంతో పీసీసీకి వెళ్లకండి, దాన్ని పాడైన పాస్‌పోర్టు కిందే లెక్క వేస్తారు, ముందు కొత్తది తీసుకోవాలి. మిగతావన్నీ డిజిలాకర్‌లో పెట్టుకుంటే గోదారమ్మ గడప దాకా వచ్చినా భయం ఉండదు.

అప్లై చెయ్యడం పెద్ద పనేమీ కాదు. సైటు పేరు పాస్‌పోర్ట్ ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్, ఎం-పాస్‌పోర్ట్ సేవా యాప్‌లో కూడా చేసుకోవచ్చు. అచ్చం అలాగే కనిపించే దొంగ సైట్లు ఉన్నాయి, చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూడకుండా డబ్బు కట్టకండి. ఫీజు 500 రూపాయలు. స్లాట్ బుక్ చేసుకుని ఆ రోజు వెళ్లాలి. మన వైపు భీమవరంలో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది, రాజోలు వైపు వాళ్లు చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా వెళ్తారు. 2022 సెప్టెంబరు 28 నుంచి పోస్టాఫీసుల్లో పెట్టిన పాస్‌పోర్టు కేంద్రాల్లోనూ పీసీసీకి అప్లై చెయ్యనిస్తున్నారు, బుక్ చేసేటప్పుడు మీకు దగ్గర్లో ఏది చూపిస్తుందో, ఎక్కడ స్లాటు ముందు దొరుకుతుందో చూసుకోండి. ఫారంలో పోలీస్ స్టేషన్ అడిగిన చోట మాత్రం అంచనా మీద నొక్కకండి. మీ ఊరు ఏ స్టేషన్ కిందకి వస్తుందో తెలియకపోతే సచివాలయంలో మహిళా పోలీసుని అడగండి, నిమిషంలో చెబుతారు.

వెళ్లే రోజు సంచిలో ఉండాల్సినవి: ఒరిజినల్ పాస్‌పోర్టు, దాని మొదటి రెండు పేజీలు, చివరి రెండు పేజీలు జిరాక్సు తీసి మీ సంతకం పెట్టినవి, ఈసీఆర్ (కొన్ని దేశాలకి పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని చెప్పే ముద్ర) అని గానీ ఇంకేదైనా గానీ ముద్ర ఉంటే ఆ పేజీ కూడా. అడ్రసు రుజువు ఒరిజినల్, జిరాక్సు. అపాయింట్‌మెంట్ రసీదు. పాస్‌పోర్టులో ఈసీఆర్ ఉండి గల్ఫ్‌కి పనికి వెళ్లేవాళ్లయితే వీసా కాపీ, అక్కడి యజమానితో చేసుకున్న కాంట్రాక్టు కాపీ అడుగుతారు. అరబ్బీలో ఉంటే ఇంగ్లీషు అనువాదం కావాలి. పది పాసైనవాళ్లకి ఈసీఆర్ ఉండాల్సిన పనే లేదు, సర్టిఫికెట్ ఉండి కూడా ఆ ముద్రతోనే ఉన్నవాళ్లు తీయించుకోండి. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద గల్ఫ్‌కి ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లకి 30 ఏళ్లు నిండాలి. వయసు తక్కువున్నా పంపిస్తానని ఎవరన్నా అంటే ఆ మనిషిని నమ్మకండి, ఆ దారిలో వెళ్లిన ఆడపిల్లకి అక్కడ కష్టం వస్తే ఆదుకునేవాళ్లు దొరకరు.

తర్వాత వెరిఫికేషన్. పాస్‌పోర్టు అదే అడ్రసుతో ఉండి పాత వెరిఫికేషన్ సరిగ్గా ఉంటే త్వరగా అయిపోవచ్చు, లేదంటే స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది. ఇంటికి వస్తారు, లేదా స్టేషన్‌కి రమ్మంటారు. ఆధార్, పాస్‌పోర్టు ఒరిజినల్స్, జిరాక్సులు, రెండు ఫొటోలు దగ్గర ఉంచుకోండి. ఇరుగుపొరుగులో ఇద్దరిని మీ గురించి అడగవచ్చు, వాళ్లకి ముందే చెప్పి ఉంచండి. ఈ విచారణకి వేరే ఫీజంటూ లేదు, 500లోనే అంతా అయిపోతుంది. ఊళ్లో మీ పేరు, మీ నాన్న పేరు ఉన్న మనిషి ఇంకొకరు ఉంటే (సత్తిబాబులు, శ్రీనులు మన దగ్గర వీధికి ఇద్దరుంటారు) మీరు ఎవరో పుట్టిన తేదీతో, డోర్ నంబరుతో స్పష్టంగా చెప్పి రాయించండి, అతని కేసు మీ మీద పడకూడదు.

కేసు ఉన్నవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. సంక్రాంతికి పందెం బరి దగ్గరో, పేకాట దగ్గరో పట్టుబడి, కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టి ఇంటికి వచ్చేసి, ఇక అయిపోయిందిలే అనుకుంటారు మనవాళ్లు. జరిమానా కట్టారంటే కోర్టు మిమ్మల్ని దోషి అన్నట్టే. గేమింగ్ చట్టం కింద పడినా అది రికార్డే, స్టేషన్ కంప్యూటర్లో ఉంటుంది. పొలం గట్టు తగాదాలో ఎదురు కేసు, లోక్ అదాలత్‌లో రాజీ అయిన కేసు, ఇవీ రికార్డులో ఉంటాయి. ఫారంలో కేసుల గురించి ఏం అడిగారో సరిగ్గా చదివి ఉన్నది ఉన్నట్టే రాయండి. దాచిపెట్టారని తేలితే చిన్న కేసు కాస్తా పెద్ద అబద్ధం అవుతుంది, పాస్‌పోర్టుకే ముప్పు. కేసు ముగిసిపోతే ఆ కోర్టులో తీర్పు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి, అది చేతికి వచ్చాకే పీసీసీకి వెళ్లండి. కేసు ఇంకా నడుస్తుంటే ముందు వకీలుని కలిసి కోర్టు అనుమతి సంగతి తేల్చుకోండి. పదేళ్ల కిందటి కేసు ఏమైందో మీకే గుర్తు లేకపోతే, వీసా వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే కనుక్కోండి.

ఏజెంటు చేత ఫారం నింపించుకుంటే తప్పు లేదు, కానీ ఒరిజినల్ పాస్‌పోర్టు, ఒరిజినల్ పదో తరగతి సర్టిఫికెట్ అతని దగ్గర వదిలి రావద్దు. లాగిన్‌కి మీ ఫోన్ నంబరు, మీ పాస్‌వర్డే ఉండాలి. ఆయన నంబరు పెడితే స్టేషన్ ఫోన్ ఆయనకి పోతుంది, ఆయన మీకు చెప్పేలోపు రిపోర్టు వెనక్కి పోతుంది.

సర్టిఫికెట్ రాగానే అక్కడే నిలబడి పేరు, పాస్‌పోర్టు నంబరు, దేశం పేరు చూసుకోండి. అన్ని దేశాలకీ గడువు ఒకటి కాదు, చాలా చోట్ల ఆరు నెలలు దాటింది తీసుకోరు, కాబట్టి మరీ ముందే తీసి బీరువాలో పెట్టుకోవద్దు. కువైట్, కతార్, యూఏఈ అపోస్టిల్ ఒప్పందంలో (ఒక దేశం వేసిన ముద్రని మిగతా సభ్య దేశాలు నేరుగా ఒప్పుకునే ఒప్పందం) లేవు, అక్కడికి విదేశాంగ శాఖ ముద్ర తర్వాత ఆ దేశపు ఎంబసీ అటెస్టేషన్ కూడా అవసరమవుతుంది. కెనడాకి పెట్టుకునేవాళ్లు గత పదేళ్లలో ఏ దేశంలోనైనా వరుసగా ఆరు నెలలు ఉండి ఉంటే ఆ దేశం నుంచి కూడా పోలీసు సర్టిఫికెట్ తేవాలి. కువైట్‌లో పనిచేస్తున్న మీ అన్నయ్యో వదినో రేపు ఇంకో దేశం ఆలోచనలో ఉంటే, అక్కడినుంచి వచ్చేసే ముందే ఆ దేశపు సర్టిఫికెట్ తీసుకోమని ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. మన ఇండియా పీసీసీ అయితే వాళ్లు అక్కడి ఇండియన్ ఎంబసీలోనే అప్లై చేసుకోవచ్చు, దాని కోసం ఊరికి రావక్కర్లేదు.