స్లీప్ ఆప్నియాకి నోటి అప్లయన్స్: గురక తగ్గకపోయినా, దవడ నొప్పెట్టినా ఏం చేయాలి

నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. కొందరిలో నాలుక మొదలు, మెత్తటి అంగిలి వెనక్కి వాలి గాలి దారిని మూసేస్తాయి. ఇదే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా. గాలి 10 సెకన్లు గానీ అంతకు మించి గానీ ఆగితే ఒక ఆప్నియాగా లెక్కేస్తారు. పూర్తిగా ఆగినవీ, బాగా తగ్గినవీ కలిపి గంటకు సగటున ఎన్ని అన్నదే స్లీప్ టెస్ట్ రిపోర్టులో కనిపించే ఏహెచ్‌ఐ అంకె. అది 5 నుంచి 15 లోపు ఉంటే తేలికపాటిది, 15 నుంచి 30 లోపు అయితే మధ్యస్థం, 30 ఆ పైన తీవ్రం.

డెంటిస్ట్ చేసిచ్చే అప్లయన్స్‌లో పై పళ్లకో ట్రే, కింది పళ్లకో ట్రే ఉంటాయి. రెండూ కలిసి కింది దవడను కాస్త ముందుకు లాగి పట్టుకుంటాయి. నాలుక ముందు భాగపు కండరం కింది దవడ ఎముకనే పట్టుకుని ఉంటుంది కాబట్టి దవడ ముందుకొస్తే నాలుక కూడా వస్తుంది, దాని వెనక దారి తెరుచుకుంటుంది. సూత్రం ఇంతే. ఇబ్బందుల్లో సగం కూడా ఇక్కడే పుడతాయి. జరపడం చాలకపోతే ఆప్నియా తగ్గదు, ఎక్కువైతే దవడ, పళ్లు ఊరుకోవు. అందుకే ఏ ఇబ్బంది వచ్చినా ముందు తేల్చుకోవాల్సింది, అది చాలకపోవడం వల్ల వచ్చిందా, ఎక్కువవడం వల్ల వచ్చిందా అన్నది.

రోజూ పెట్టుకుంటున్నా గురక తగ్గలేదు

ఎక్కువగా కనిపించే కారణం, సర్దుబాటు మధ్యలోనే ఆగిపోవడం. మీరు కింది దవడను ఎంత ముందుకు చాచగలరో కొలిచి, అందులో దాదాపు 50 నుంచి 70 శాతం దగ్గర అప్లయన్స్‌ను మొదలుపెడతారు. అది తొలి మెట్టు మాత్రమే. అక్కణ్నించి స్క్రూ తిప్పుతూనో, పట్టీ మారుస్తూనో మిల్లీమీటరులో పావు వంతు, అర వంతు చొప్పున ముందుకు తేవాలి. ఒకసారి జరిపాక కొన్ని రాత్రులు ఆగి చూసి, దవడ అలవాటుపడ్డాకే మళ్లీ జరపాలి. ఇది వారాల పని, కొందరికి నెలలు కూడా పడుతుంది. మొదటి రోజు ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే వాడుతూ 'నాకిది పనిచేయలేదు' అనుకునేవాళ్లు తక్కువేమీ కాదు.

ఒక కాగితం మీద తేదీ, ఎన్ని తిప్పులు అయ్యాయి, పొద్దున నొప్పి ఉందా, గురక ఎలా ఉందని పక్కన పడుకునేవాళ్లు చెప్పారో రాసుకోండి. డెంటిస్ట్‌కి మీ జ్ఞాపకం కన్నా ఆ కాగితమే ఎక్కువ పనికొస్తుంది. ఎంత వీలైతే అంత ముందుకు లాగడం ఇందులో లక్ష్యం కాదు. పని జరిగే చోట్లలో అన్నిటికన్నా తక్కువ జరిపిన చోటు దొరికితే అక్కడే ఆగాలి.

జరపాల్సినంత జరిపినా గురక ఉంటే నోరు తెరుచుకుంటోందేమో చూడాలి. నిద్రలో నోరు తెరిచినప్పుడు దవడ కిందికే కాదు, వెనక్కి కూడా వెళ్తుంది. కష్టపడి ముందుకు తెచ్చిన రెండు మూడు మిల్లీమీటర్లు అక్కడే పోతాయి. చాలా అప్లయన్స్‌లకు చిన్న రబ్బరు బ్యాండ్లు తగిలించే కొక్కేలు పెట్టించుకోవచ్చు. అవి నోటిని బిగించేయవు, తెరుచుకోకుండా మెల్లగా పట్టుకుంటాయి అంతే. ముక్కు మూసుకుపోయి నోటితో గాలి పీల్చేవాళ్లకు మాత్రం బ్యాండ్ల కన్నా ముందు ఈఎన్‌టీ డాక్టరు కావాలి.

వెల్లకిలా పడుకున్నప్పుడే ఆప్నియా ఎక్కువయ్యేవాళ్లు చాలామంది. మీ పాత రిపోర్టులో వెల్లకిలా ఉన్నప్పటి ఏహెచ్‌ఐ, పక్కకు తిరిగి ఉన్నప్పటి ఏహెచ్‌ఐ విడివిడిగా ఇచ్చారేమో చూడండి. తేడా పెద్దదైతే, అప్లయన్స్‌తో పాటు పక్కకు తిరిగి పడుకునే ఏర్పాటు కూడా చేసుకుంటే ఫలితం మారిపోతుంది. పడుకునే ముందు మద్యం, కొన్ని రకాల నిద్రమాత్రలు గొంతు కండరాలను మరింత వదులు చేస్తాయి. మాత్రలు డాక్టరు రాసినవైతే సొంతంగా ఆపకుండా, ఆప్నియా ఉందని ఆయనకు చెప్పండి.

ఇక వేడినీళ్లలో ముంచి, కొరికి, ఆకారం తెచ్చుకునే రెడీమేడ్ రకం. అది సరిగ్గా పట్టదు, వదులైపోతుంది, చాలావాటిని కొద్దికొద్దిగా జరపడం కుదరదు. దాంతో ఫలితం రాలేదని ఈ చికిత్స మొత్తాన్నే కొట్టిపారేయకండి.

గురక ఆగింది, పగటి నిద్రమత్తు మాత్రం పోలేదు

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఇదే, ఎందుకంటే ఇంట్లో అందరూ సమస్య తీరిపోయిందనుకుంటారు. గురక అంటే కండరాలు అదిరే చప్పుడు. చప్పుడు పోయినా గాలి దారి ఇంకా మూసుకుపోతూ ఉండొచ్చు, రక్తంలో ఆక్సిజన్ పడిపోతూనే ఉండొచ్చు. ఫోన్లో గురక రికార్డు చేసే యాప్ మీకు చెప్పేది చప్పుడు గురించే.

దీన్ని తేల్చే దారి ఒక్కటే. సర్దుబాటు పూర్తయ్యాక, అప్లయన్స్ నోట్లో పెట్టుకుని మళ్లీ స్లీప్ టెస్ట్ చేయించుకోవాలి. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్, అమెరికన్ అకాడమీ ఆఫ్ డెంటల్ స్లీప్ మెడిసిన్ కలిసి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఈ మాట ఉంది. నన్నడిగితే, ఈ రెండో టెస్ట్ చేయించని అప్లయన్స్ చికిత్స సగంలో వదిలేసిన చికిత్సే. డెంటిస్ట్ మీ వేలికి ఆక్సిమీటర్ పెట్టించి రాత్రి రీడింగులు చూడొచ్చు. ఎంతవరకు జరపాలో తెలుసుకోవడానికి అది బాగానే పనికొస్తుంది. తగ్గిందని ఖాయం చేయాల్సింది మాత్రం స్లీప్ డాక్టరు.

టెస్ట్‌లో ఏహెచ్‌ఐ ఇంకా ఎక్కువే వస్తే మూడు దారులున్నాయి. దవడ ఓర్చుకుంటే ఇంకాస్త ముందుకు జరపడం ఒకటి. పడుకునే భంగిమ మార్చుకోవడం రెండోది. అప్లయన్స్‌ను సీప్యాప్‌తో, అంటే మాస్కు ద్వారా ప్రెషర్‌తో గాలి పంపి గొంతు దారిని తెరిచి ఉంచే మిషన్‌తో, కలిపి వాడటం మూడోది. ఇలా కలిపి వాడితే కొందరికి మిషన్ ప్రెషర్ తగ్గించుకునే వీలు దొరుకుతుంది. ప్రెషర్ భరించలేక మిషన్ పక్కన పెట్టేసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఏహెచ్‌ఐ బాగా తగ్గినా మత్తు పోకపోతే కారణం వేరే చోట ఉంటుంది. అప్లయన్స్ సగం రాత్రే ఉంటోందా? అసలు నిద్రపోతున్నదే ఐదు గంటలా? థైరాయిడ్, డిప్రెషన్, వాడుతున్న వేరే మందులు, ఇవన్నీ చూడాలి. ఎప్‌వర్త్ స్కేల్ అని ఎనిమిది ప్రశ్నలు ఉంటాయి. 24కి 10 దాటితే పగటి నిద్రమత్తు మామూలుకన్నా ఎక్కువగా ఉన్నట్టు. డ్రైవింగ్‌లో కళ్లు మూతపడుతుంటే ఈ లెక్కలేవీ అక్కర్లేదు. విషయం తేలేదాకా స్టీరింగ్ ముట్టుకోకండి, వెంటనే డాక్టరును కలవండి.

పొద్దున లేచాక దవడ పళ్లు కలవడం లేదు

రాత్రంతా ముందుకు ఉన్న దవడ వెనక్కి సర్దుకోవడానికి టైమ్ పడుతుంది. అప్పటిదాకా ముందు పళ్లే తగులుతాయి, వెనక పళ్ల మధ్య సందు ఉంటుంది. అరగంటలోనో గంటలోనో పోతే కంగారు పడక్కర్లేదు. చాలామంది డెంటిస్టులు అప్లయన్స్‌తో పాటే ఇంకో చిన్న ముక్క ఇస్తారు. పొద్దున అప్లయన్స్ తీశాక దాన్ని కొద్ది నిమిషాలు కొరికి పట్టుకుంటే దవడ తన పాత చోటికి వెళ్తుంది. కొన్నాళ్లకు ఇది డ్రాయర్‌లోకి వెళ్లిపోతుంది. అలా వదిలేయకండి.

మధ్యాహ్నం దాకా కలవకపోతే, లేదా రోజురోజుకీ ఎక్కువ సేపు పడుతుంటే, ముందుకు జరపడం ఆపి డెంటిస్ట్‌ను కలవాలి.

ఇది కాక నెమ్మదిగా వచ్చే మార్పు ఒకటుంది. ఏళ్ల తరబడి వాడితే పై ముందు పళ్లు కొంచెం లోపలికి, కింది ముందు పళ్లు కొంచెం బయటికి వాలతాయి. పొద్దున కొరికే ముక్క దీన్ని పూర్తిగా ఆపలేదు. మార్పు ఎంత మెల్లగా ఉంటుందంటే, చాలామందికి డెంటిస్ట్ పాత ఫోటో పక్కన పెట్టి చూపిస్తే తప్ప తెలియదు. కాబట్టి మొదట్లోనే పళ్ల ఫోటోలు, అచ్చులు తీయించి ఉంచమనండి. ఈ మార్పు కనబడగానే భయపడి అప్లయన్స్ మానేయడం మంచి నిర్ణయం కాదని నా ఉద్దేశం. మానేసినా పళ్లు పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు, ఆప్నియా మాత్రం తప్పకుండా తిరిగొస్తుంది. బీపీకి, గుండెకు దానివల్ల జరిగే నష్టంతో పోలిస్తే పళ్ల వరుస మారడం చిన్న విషయం. అయినా మీ పళ్లు మీవి. మార్పు ఎంతవరకు ఒప్పుకుంటారో, ఎక్కడ ఆపి సీప్యాప్‌కి మారతారో డాక్టర్లతో ముందే మాట్లాడుకోండి.

దవడ నొప్పి, పళ్ల నొప్పి

నొప్పి ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలగాలి. బుగ్గల్లో, కణతల దగ్గర బరువుగా ఉండి, లేచిన గంటకో రెండు గంటలకో తగ్గేది కండరం నొప్పి. మొదటి వారాల్లో ఇది మామూలే. వేడి కాపడం, నోరు మెల్లగా తెరిచి మూసే వ్యాయామం చాలు. రెండు తిప్పులు వెనక్కి తెచ్చి, వారం ఆగి, తర్వాత ఇంకా నెమ్మదిగా ముందుకు వెళ్లండి.

చెవి ముందు, నోరు తెరిచినప్పుడు పోటుగా వస్తే అది కీలు నొప్పి. టక్‌మని చప్పుడు ఒక్కటే ఉండి నొప్పి లేకపోతే గమనిస్తూ ఉండొచ్చు. చప్పుడుతో పాటు నొప్పి ఉన్నా, నోరు మునుపటంత తెరుచుకోకపోయినా అప్లయన్స్ ఆపి ఆ వారంలోనే చూపించుకోవాలి. ఆపిన రాత్రుల్లో ఏం వాడాలో స్లీప్ డాక్టరును అడగండి, ఏదీ లేకుండా వదిలేయకండి.

ఒకే పన్ను నొప్పెడితే ట్రే అక్కడ ఒత్తుతోందని అర్థం, డెంటిస్ట్ రెండు నిమిషాల్లో అరగదీస్తారు. ఇంట్లో గోళ్ల ఆకురాయితో ఆ పని చేయకండి, పట్టు పోతుంది. ముందు పళ్లన్నీ కలిసి నొప్పెడితే మాత్రం జరపడం ఎక్కువైందని లెక్క.

నిద్రలో తెలియకుండానే తీసేస్తున్నాను

మెదడుకు అది ఇంకా పరాయి వస్తువే. సాయంత్రం టీవీ చూస్తూ, చదువుకుంటూ మెలకువగా ఉన్నప్పుడు ఒక గంట పెట్టుకుని అలవాటు చేసుకోండి. వికారంగా ఉంటే వెనక అంచులు తగ్గించమని అడగొచ్చు. కొన్ని అప్లయన్స్‌లలో వేడిని బట్టి ఎన్ని గంటలు నోట్లో ఉందో నమోదు చేసే సెన్సర్ పెట్టిస్తారు. ఎన్ని గంటలు వాడుతున్నారో మీకే సందేహంగా ఉంటే అది మంచి సాయం. ఏహెచ్‌ఐ తగ్గించడంలో సీప్యాప్‌దే పైచేయి, అందులో వాదన లేదు. కానీ రాత్రి రెండింటికి తీసి పక్కన పెట్టే మిషన్ కన్నా, తెల్లారేదాకా నోట్లో ఉండే అప్లయన్స్ కొందరికి ఎక్కువ మేలు చేస్తుంది.

చొంగ కారడం, నోరు ఎండిపోవడం మొదట్లో రెండూ ఉంటాయి. చొంగ కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ఎండిపోవడం తగ్గకపోతే మళ్లీ ముక్కూ, తెరుచుకునే నోరూ చూడాలి.

వదులైంది, లేదా ఉన్నట్టుండి బిగుతైంది

వదులవడానికి తరచూ కారణం వేడినీళ్లు. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి బ్రష్, కొంచెం లిక్విడ్ సబ్బు చాలు. టూత్‌పేస్ట్ గరుకుగా ఉంటుంది, గీతలు పడి వాటిలో పాచి, వాసన చేరతాయి. తెల్లటి పొర కడితే కట్టుడు పళ్లు శుభ్రం చేసే మాత్రలు వాడొచ్చు, మీ అప్లయన్స్‌కు సరిపడే రకం ఏదో కనుక్కుని. కొన్ని రకాలను పెట్టుకునే ముందు గోరువెచ్చని నీళ్లలో మెత్తబరచమని చెబుతారు, అది వేరే సంగతి.

బిగుతవడానికి కారణం ఎక్కువగా కొన్ని రాత్రులు పెట్టుకోకపోవడం, లేదా కొత్తగా వేసిన క్యాప్, ఫిల్లింగ్. పళ్ల పని ఏదున్నా అప్లయన్స్ వెంట తీసుకెళ్లి, కుర్చీలోంచి లేవకముందే పట్టి చూడమనండి. పుచ్చు పళ్లు, చిగుళ్ల జబ్బు ఉంటే కొలతలు తీయించకముందే బాగు చేయించుకోవాలి, లేదంటే ఖర్చు రెండుసార్లు.

అసలు ఇది సరిపడనివాళ్లు

చిగుళ్లు బాగా దెబ్బతిని పళ్లు కదులుతున్నవాళ్లకు, ట్రే పట్టుకోవడానికి తగినన్ని పళ్లు లేనివాళ్లకు, దవడను ముందుకు చాచలేనివాళ్లకు ఇది కుదరదు. పళ్లు లేనివాళ్లలో కొందరికి నాలుకను చప్పరింపు పట్టుతో ముందు ఉంచే రకం ప్రయత్నిస్తారు, అలవాటుపడటం మాత్రం కష్టం. శ్వాస తీసుకొమ్మని మెదడు సంకేతం పంపకపోవడం వల్ల వచ్చే సెంట్రల్ ఆప్నియాకు దవడ జరిపితే ఉపయోగం లేదు. ఏహెచ్‌ఐ తీవ్రంగా ఉన్నవాళ్లు ముందు సీప్యాప్‌నే గట్టిగా ప్రయత్నించాలి.

రెండు మూడేళ్లు బాగుండి, గురక మళ్లీ మొదలైంది

బరువు పెరిగారా చూసుకోండి. పట్టీలు సాగాయా, స్క్రూ వదులైందా, ట్రేలో పగులు ఉందా డెంటిస్ట్‌తో చూపించండి. ఏమీ లేకపోతే మళ్లీ టెస్ట్. వయసుతో ఆప్నియా పెరగడమూ ఉంది. ఈలోగా ఏ ఆపరేషన్ అయినా అవసరమైతే మీకు స్లీప్ ఆప్నియా ఉందని, అప్లయన్స్ వాడుతున్నారని మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. మత్తు మందులు, నొప్పి మందులు గొంతును ఇంకా వదులు చేస్తాయి కాబట్టి అప్లయన్స్‌ను ఆసుపత్రికి తీసుకెళ్లి, ఆపరేషన్ తర్వాత మొదటి రాత్రి నుంచే పెట్టుకోవచ్చా అని అడగండి.