యాభై దాటాక మొదటి వంద కిలోమీటర్లు: మనల్ని ఆపేవి కాళ్ళు కావు

నేను మళ్ళీ సైకిల్ ఎక్కింది యాభై ఎనిమిదో ఏట. చదువుకునే రోజుల్లో తొక్కిందే, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు దాని మొహం చూడలేదు. నాలుగు నెలలు తొక్కాక ధైర్యం వచ్చి ఎనభై కిలోమీటర్లు అనుకుని బయల్దేరితే అరవై రెండు దగ్గర ఆగిపోయాను. ఊపిరి బాగానే ఉంది, కాళ్ళు ఇంకా తొక్కుతామనే అంటున్నాయి, కానీ నీళ్ళ సీసా మూత తీద్దామంటే కుడిచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు మాట వినలేదు. చివరికి పళ్ళతో లాగి తీసుకోవాల్సి వచ్చింది. గుండె, మోకాళ్ళు అని ఇంటిల్లిపాదీ టెన్షన్ పడుతుంటే నన్ను దింపేసింది రెండు వేళ్ళు!

అప్పట్నుంచీ కొత్తగా మొదలుపెట్టే నా వయసు వాళ్ళకి చెప్పేది ఇదే. ఓపిగ్గా తొక్కుతూ పోతే కాళ్ళు తయారవుతాయి. పిర్రలు, అరచేతులు, మెడ, కడుపు మాత్రం వాటంతట అవి తయారు కావు, వాటిని చూసుకోవాలి.

ముందు లెక్క. గంటకి 18 కిలోమీటర్ల వేగంతో వంద కిలోమీటర్లకి ఐదున్నర గంటలు పడుతుంది, మధ్యలో ఆగడాలు కలుపుకుంటే ఏడు. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి అయిపోయే పని. బ్రెవే అనే దూర ప్రయాణాల్లో కూడా 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటల గడువు ఇస్తారు, అంటే ఆగిన సమయంతో కలిపి సగటున గంటకి 15 కూడా అక్కర్లేదు. వేగం మీద మోజు ఉంటే ఇప్పుడే వదిలేయండి.

వయసు సంగతంటారా, ఫ్రాన్స్‌లో రాబెర్ మార్షాఁ అనే ఆయన 2017 జనవరిలో, 105 ఏళ్ళ వయసులో, గంటలో 22.547 కిలోమీటర్లు తొక్కాడు. అది ట్రాక్ మీద, పైగా ఆయన ఎముకలు దేనితో చేశారో మనకెందుకు గానీ, నాకు పనికొచ్చింది వేరే సంగతి. 101 నుంచి 103 ఏళ్ళ మధ్య ఆయన్ని శాస్త్రవేత్తలు పరీక్షిస్తే ఒంటికి ఆక్సిజన్ వాడుకునే శక్తి సుమారు 13 శాతం పెరిగింది. ఆ రెండేళ్ళూ ఆయన తొక్కినదాంట్లో ఎనభై శాతం తేలిగ్గా, ఇరవై శాతమే కష్టపడి. మనం సరిగ్గా తిరగేసి చేస్తాం. ఎక్కిన ప్రతిసారీ ఆయాసపడితే తప్ప వ్యాయామం చేసినట్టు అనిపించదు.

మొదలుపెట్టే ముందు డాక్టరుకి ఒకసారి చూపించుకోండి, ముఖ్యంగా మాత్రలు వాడుతుంటే. బీపీకి ఇచ్చే బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని పెరగనివ్వవు, అవి వాడేవాళ్ళు వాచీలో కనబడే అంకెను నమ్ముకోకూడదు. దానికంటే, తొక్కుతూ పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నదే మంచి కొలత. ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్ళకి ఎక్కువ దూరం తొక్కినప్పుడు షుగర్ బాగా పడిపోవచ్చు, ఆ రోజు డోసు ఎలా అని ముందే అడగండి. ఛాతీలో బిగువు, దవడకో చేతికో పాకే నొప్పి, కళ్ళు తిరగడం, వీటిలో ఏది వచ్చినా దిగిపోయి వెంటనే సాయం పిలవాలి. కాసేపు చూద్దాం అనుకోవద్దు.

ఇక సీటు ఎత్తు. పెద్దవాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమంది దీన్ని తక్కువ పెట్టుకుంటారని నా అంచనా. ఆగినప్పుడు కూర్చునే ఉండి రెండు పాదాలూ నేలకి ఆనించాలని అలా దించుకుంటాం, పడతామన్న భయం. దాంతో మోకాలు ఎప్పుడూ బాగా ముడుచుకునే ఉంటుంది, నెల తిరిగేసరికి మోకాలిచిప్ప ముందు నొప్పి, వయసు మీద నెపం. సరైన ఎత్తు తెలియాలంటే గోడ పక్కన సీటు మీద కూర్చుని, పెడల్‌ని పూర్తిగా కిందికి తిప్పి దాని మీద మడమ పెట్టండి. కాలు తిన్నగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కాస్త వంగే ఉంటుంది, కావలసింది అదే. నొప్పి మోకాలి వెనక వస్తున్నా, తొక్కుతుంటే నడుము అటూ ఇటూ ఊగుతున్నా సీటు మరీ ఎత్తయినట్టు. ఐదేసి మిల్లీమీటర్ల చొప్పునే మార్చండి, రెండు మూడు సార్లు తొక్కి చూశాకే మళ్ళీ ముట్టుకోండి.

మరి ఆగడం ఎలా? బ్రేకు వేస్తూ సీటు మీంచి ముందుకి జారి, ఒక కాలు కింది పెడల్ మీద ఉంచి రెండోది నేల మీద పెట్టాలి. ఖాళీ జాగాలో ఓ అరగంట ఇదొక్కటే సాధన చేయండి. కాలు వెనకనుంచి తిప్పి ఎక్కడం కష్టమైతే సైకిల్‌ని మీ వైపు బాగా వంచి ఎక్కండి, లేదంటే మధ్య గొట్టం కిందికి ఉండే సైకిల్ కొనండి, అందులో నామోషీ ఏమీ లేదు.

మెత్తగా, వెడల్పుగా ఉండే సీటు మొదటి అరగంటే హాయి. తర్వాత ఒరుసుకుంటుంది. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ నిక్కరు వేసుకోండి, దాని లోపల ఇంకేమీ వేసుకోకూడదు, లోపలి కుట్లే పుండ్లు చేసేది. ప్రతి పావుగంటకీ లేచి నిలబడి పదిసార్లు పెడల్ తిప్పి కూర్చుంటే చాలా తేడా తెలుస్తుంది.

నా వేళ్ళ కథకి కారణం అల్నార్ నరం. అరచేతి మొదట్లో, చిటికెన వేలి వైపు, హ్యాండిల్‌కీ ఎముకకీ మధ్య అది నలుగుతుంది. నా సీటు ముక్కు కొంచెం కిందికి వాలి ఉండటంతో ఒంటి బరువంతా ముందుకి జారి చేతుల మీద పడేది. సీటుని మట్టంగా చేసి, హ్యాండిల్‌ని రెండు వేళ్ళంత పైకి లేపి, మోచేతులు బిగించకుండా తొక్కడం అలవాటు చేసుకున్నాక చాలావరకు పోయింది. ఐదు నిమిషాలకోసారి చేతులు పట్టుకునే చోటు మార్చండి. మెడకీ ఇదే మందు, హ్యాండిల్ ఎత్తు. కళ్ళద్దాలు ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కుంది. ముందుకి వంగితే చూపు అద్దాల పైఅంచు దగ్గరికి వెళ్తుంది, ఫ్రేము అడ్డం రాకూడదని మెడ ఎత్తుతాం, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. పైకి ఎక్కువగా ఉండే ఫ్రేము తీసుకోండి.

వారానికి మూడు రోజులు తొక్కితే చాలు. రెండు రోజులు ముప్పావు గంట చొప్పున తేలిగ్గా, ఒకరోజు దూరం. నా దూరాలు వారం వారం ఇలా సాగాయి: 20, 23, 27, మళ్ళీ 20, తర్వాత 31, 36, 42, 30, 48, 55, 62, 45, 72, ఆ తర్వాత ఒక వారం దాదాపు విశ్రాంతి, అప్పుడు 100. ప్రతి నాలుగో వారం తగ్గించడం బద్ధకం కాదు, మన వయసులో కండ కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. ముందే వంద తొక్కి చూసుకోనక్కర్లేదు, డెబ్బై తొక్కితే వంద వస్తుంది. సైకిల్ వల్ల ఎముకల మీద బరువు పెద్దగా పడదు కనుక వారానికి రెండుసార్లు చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మెట్లు ఎక్కడం లాంటివి కూడా చేయండి. ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న గేరు, చకచకా తిరిగే కాళ్ళు. బరువు గేరుతో కుమ్మితే మోకాళ్ళు గుర్తుపెట్టుకుంటాయి.

పంచరు వేయడం ఇంట్లో రెండుసార్లు చేసి చూడండి, ముఖ్యంగా వెనక చక్రానికి. ఒకసారి దారిలో ట్యూబ్ మార్చి గర్వంగా బయల్దేరితే మూడు కిలోమీటర్లకి మళ్ళీ గాలి పోయింది. టైరు లోపల వెంట్రుకంత సన్నటి తీగముక్క అలాగే ఉంది, నేను చూడనేలేదు. ఇప్పుడైతే కొత్త ట్యూబ్ పెట్టే ముందు ఒక గుడ్డపీలిక టైరు లోపల చుట్టూ తిప్పుతాను, ఎక్కడ పట్టుకుంటే అక్కడ దొంగ ఉన్నట్టే. వేలితో తడిమితే తెగుతుంది, జాగ్రత్త.

అసలు రోజున మొదటి గంట మరీ నెమ్మదిగా పోతున్నామేమో అనిపించాలి. వెనక గాలి ఉంటే ఆ గంట మహా మోసం, మనమే వీరులమనుకుంటాం. వీలుంటే వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక గాలి ఉండేలా దారి పెట్టుకోండి. ఆకలేసేదాకా ఆగకండి, మొదటి అరగంట నుంచే కొంచెం కొంచెం తినాలి. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి, మధ్యస్థంగా ఉండే అరటిపండులో సుమారు 27 గ్రాములు ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ దాహం ఆలస్యంగా తెలుస్తుంది, అందుకని పావుగంటకోసారి రెండు గుక్కలు. అలాగని లీటర్లకొద్దీ ఉత్తి నీళ్ళు తాగేయకూడదు, రక్తంలో సోడియం పలచబడితే అదీ ప్రమాదమే, ఒక సీసాలో ఉప్పూ చక్కెరా కలుపుకోండి. ఆగితే పది నిమిషాలు, అంతకు మించితే మోకాళ్ళు బిగుసుకుంటాయి. ఆరోజు కొత్త బూట్లు, కొత్త తిండి ఏవీ వద్దు.

డెబ్బై ఐదు నుంచి తొంభై మధ్యలో ఎందుకొచ్చిన గోల అనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. అప్పుడు ముందు ఏదన్నా తినండి, సగం విసుగు ఆకలే. అయిపోయాక ఠక్కున కూర్చోకుండా పది నిమిషాలు నడవండి, మర్నాడు ఇరవై నిమిషాలు తేలిగ్గా తొక్కితే కాళ్ళు వదులవుతాయి. వేళ్ళ తిమ్మిరి రెండు మూడు రోజుల్లో పోకపోతే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్ళండి, నేను అదే పోతుందిలే అని మూడు వారాలు ఊరుకుంటే చొక్కా గుండీలు ఎడమచేత్తో పెట్టుకోవాల్సి వచ్చింది.