బస్తా అంటే ఎంత? బిహేవ్‌తో తెలుగులోనే టెస్టులు రాసుకోవడం

పలాసలో జీడిపిక్కలు కొనే ఒక షావుకారు గారికి చిన్న అప్లికేషన్ చేసిపెట్టా. రైతు సరుకు తెస్తాడు, కాటా వేస్తారు, చీటీ వస్తుంది, అంతే కదా అనుకుని రెండు వారాల్లో కోడ్ రాసేసి యూనిట్ టెస్టులు (కోడ్ ముక్కలు సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూసే చిన్న ప్రోగ్రాములు) కూడా పెట్టి అన్నీ పాసయ్యాక గర్వంగా తీసుకెళ్లి చూపించా. మొదటి చీటీకే ఆయన కళ్లజోడు పైకెత్తి "ఏటి బావు ఇది, మూడు సంచులకి ముప్పై ఆరు వేలిచ్చేస్తే నా ఇల్లు అమ్ముకోవాల" అన్నారు.

జరిగిందేంటంటే, ఇక్కడ పిక్కల ధర బస్తా లెక్కన చెప్తారు, బస్తా అంటే 80 కిలోలు. నేనేమో బస్తా అంటే బండి మీంచి దిగే గోనెసంచి అనుకున్నా. సంచిలో 65 కిలోలు ఉండొచ్చు 78 ఉండొచ్చు, అది ఎవరికీ పట్టదు, లెక్క మాత్రం 80 మీదే. నేను సంచుల్ని ధరతో గుణించేశా. నా టెస్టులు కూడా నా తప్పుడు అర్థంతోనే రాసినవి కాబట్టి అవి పాసవ్వక ఏం చేస్తాయి.

ఆ తర్వాతే బిహేవ్ పట్టుకున్నా. ఇది పైథాన్‌లో బీడీడీ టూల్, అంటే బిహేవియర్ డ్రివెన్ డెవలప్‌మెంట్. ప్రోగ్రామ్ ఎలా నడవాలో ముందు మామూలు మాటల్లో రాసుకుని, దాన్నే టెస్టుగా నడపడం అన్నమాట. ఈ పద్ధతికి పేరు పెట్టి వాడుకలోకి తెచ్చింది డాన్ నార్త్ అనే ఆయన, 2006లో దీని గురించి రాసిన వ్యాసం బాగా పాపులర్. తర్వాత 2008లో రూబీ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్లకి కుకుంబర్ అనే టూల్ వచ్చింది, అందులో టెస్టులు రాసే మామూలు మాటల భాషకి గెర్కిన్ అని పేరు. గెర్కిన్ అంటే ఊరగాయ పెట్టుకునే చిన్న దోసకాయ లెండి, దోసకాయ టూల్‌కి దోసకాయ ఊరగాయ భాష. బిహేవ్ కూడా ఆ గెర్కినే చదువుతుంది. మనకి కావల్సిన అసలు సంగతి ఏంటంటే గెర్కిన్‌కి తెలుగు కూడా వచ్చు. ఇది చాలామందికి తెలీదు, నాకూ మొన్నటిదాకా తెలీదు.

సరే పనిలోకి దిగుదాం. కింద నేను కమాండ్లూ ఫైల్ పేర్లూ తెలుగు లిపిలో రాస్తున్నా, మీరు టైప్ చేసేటప్పుడు అవి ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలి. సన్నివేశాలు, అంటే గెర్కిన్ భాషలో రాసే టెస్టులు, మాత్రం ఉన్నదున్నట్టు తెలుగులోనే.

పైథాన్ ఉందనుకుంటున్నా. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఒకటి చేసుకుని పిప్ ఇన్‌స్టాల్ బిహేవ్ అని కొట్టండి, అయిపోయింది. తర్వాత ఫీచర్స్ అని ఒక ఫోల్డర్, చివర ఎస్ మర్చిపోకండి, దాని లోపల స్టెప్స్ అని ఇంకో ఫోల్డర్, దానికీ ఎస్ ఉంది. స్టెప్స్ ఫోల్డర్ లేకపోతే బిహేవ్ మొదట్లోనే అలిగి ఆగిపోతుంది. సన్నివేశాలుండే ఫైళ్లు, డాట్ ఫీచర్ అని ముగిసేవి, బయటి ఫోల్డర్‌లో పెడతాం. వాటికి అర్థం చెప్పే పైథాన్ ఫైళ్లు స్టెప్స్‌లో.

ఇప్పుడు ఫీచర్ ఫైల్. మొట్టమొదటి లైన్‌లో హ్యాష్ గుర్తు, ఒక స్పేస్, లాంగ్వేజ్ అనే మాట, కోలన్, స్పేస్, టీ, ఈ. టీఈ అంటే తెలుగు కోడ్. ఇది పెట్టకపోతే ఇంగ్లీష్ అనుకుని మీ తెలుగు మీద ఎర్రర్ విసురుతుంది. దాని కింద ఇలా:

గుణము: జీడిపిక్కల కొనుగోలు

  నేపథ్యం:
    చెప్పబడినది 80 కిలోల ధర 12000 రూపాయలు
    మరియు ఒక్కో సంచికి 1 కిలో తరుగు

  సన్నివేశం: మూడు సంచుల సరుకు
    ఈ పరిస్థితిలో రైతు 3 సంచుల్లో 215 కిలోలు తూయించాడు
    అప్పుడు తరుగు పోగా 212 కిలోలు ఉండాలి
    మరియు రైతుకి 31800 రూపాయలు ఇవ్వాలి

(పన్నెండు వేలు ఉత్త ఉదాహరణ, ఈ ధర చూసి ఉద్దానం రైతులెవరూ నామీదకి రావద్దు.)

గుణము, నేపథ్యం, సన్నివేశం, చెప్పబడినది, ఈ పరిస్థితిలో, అప్పుడు, మరియు, కాని. ఇవి గెర్కిన్‌కి తెలిసిన తెలుగు మాటలు, వీటిని మార్చకూడదు. ఫీచర్‌ని గుణము అన్నారు, ఎవరన్నారో గానీ డిక్షనరీ పక్కన పెట్టుకుని అనుంటారు. "చెప్పబడినది" అని శ్రీకాకుళం జిల్లాలో బతికున్న మనిషెవడూ అనడు. మొదట నాకూ ఎబ్బెట్టుగానే ఉండేది. పైగా మనం "రైతు తెస్తే", "ధర ఇంతుంటే" అని షరతు ముక్కని మాట చివర తగిలిస్తాం, వీళ్లు ముందు పెట్టమంటారు. చిట్కా ఏంటంటే ఆ మాట బదులు లైన్ మొదట్లో నక్షత్రం గుర్తు కూడా పెట్టొచ్చు, అప్పుడు వాక్యం హాయిగా మన ధోరణిలో సాగుతుంది. అలా చేస్తే పైథాన్ వైపు గివెన్, వెన్, దెన్ (చెప్పబడినది, ఈ పరిస్థితిలో, అప్పుడు అనే వాటికి ఇంగ్లీష్ మాటలు) కాకుండా స్టెప్ అనే డెకొరేటర్, అంటే ఫంక్షన్ పైన తగిలించే గుర్తు, వాడండి, అది మూడింటికీ సరిపోతుంది. నేను మాత్రం చెప్పబడినదితోనే సర్దుకున్నా, షావుకారు గారి గుమస్తా గారు దాన్ని చదివి ప్రతిసారీ నవ్వుతారు, నవ్వుతూ అయినా చదువుతున్నారు కదా.

ఇవన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. బిహేవ్ అని కొట్టి స్పేస్, రెండు గీతలు, లాంగ్ గీత హెల్ప్, స్పేస్, టీఈ అంటే తెలుగు మాటలన్నీ తెర మీద పరిచేస్తుంది.

ఫైల్ సేవ్ చేసి బిహేవ్ అని ఒక్క మాట కొట్టండి. ఇంకా పైథాన్ ఏమీ రాయలేదు కాబట్టి స్టెప్పులన్నీ, అంటే సన్నివేశంలోని ఒక్కో లైనూ, పసుపు రంగులో వస్తాయి, కింద "ఇవి రాసుకో" అన్నట్టు ఖాళీ ఫంక్షన్లు కూడా అదే తయారుచేసి ఇస్తుంది. వాటిని కాపీ చేసి స్టెప్స్ ఫోల్డర్‌లో కొనుగోలు డాట్ పీవై లాంటి ఫైల్‌లో పడేయండి. ఫైల్ పేరు మీ ఇష్టం, ఆ ఫోల్డర్‌లో ఉన్న పైథాన్ ఫైళ్లన్నీ అదే లోడ్ చేసుకుంటుంది.

ఇప్పుడు అంకెల సంగతి. బిహేవ్ ఇచ్చిన వాక్యంలో 12000 అని అచ్చంగా అలాగే ఉంటుంది, అలా వదిలేస్తే ధర మారిన ప్రతిసారీ కొత్త ఫంక్షన్ రాయాలి. అంకె తీసేసి దాని చోట కర్లీ బ్రాకెట్లు పెట్టి లోపల ఒక పేరు, కోలన్, డి రాయండి. డి అంటే పూర్ణాంకం. ఆ కోలన్ డి పెట్టకపోతే మీకొచ్చేది అంకె కాదు, స్ట్రింగ్, అంటే ఉత్త అక్షరాల వరస, మూడుని మూడుతో గుణిస్తే 333 వచ్చి జుట్టు పీక్కుంటారు. ఇంకోటి, ఆ బ్రాకెట్ల లోపలి పేరు ఇంగ్లీష్ అక్షరాల్లోనే పెట్టండి. పైథాన్ వేరియబుల్స్‌కి తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు, అది నిజమే, కానీ ఈ బ్రాకెట్ల పేర్లని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో వెతుకుతారు, దానికి మన గుణింతాల గుర్తులు అక్షరాల్లా కనపడవు, తిరకాసు పెడుతుంది.

ప్రతి ఫంక్షన్‌కి మొదటి ఆర్గ్యుమెంట్‌గా కాంటెక్స్ట్ అనే ఆబ్జెక్ట్ వస్తుంది. ఒక స్టెప్పులో తెలిసింది ఇంకో స్టెప్పుకి చేరాలంటే దాని మీదే పెట్టాలి. ధర స్టెప్పులో కాంటెక్స్ట్ డాట్ ధర అని దాస్తాం, తూకం స్టెప్పులో దాన్ని తీసుకుని మన అసలు ప్రోగ్రామ్‌లో ఉన్న లెక్క ఫంక్షన్‌ని పిలిచి ఫలితాన్ని మళ్లీ కాంటెక్స్ట్ మీద పెడతాం, చివరి స్టెప్పులో అసర్ట్‌తో పోలుస్తాం. సన్నివేశం అయిపోగానే దాని మీద పెట్టినవన్నీ తుడిచేస్తుంది, తర్వాతి సన్నివేశానికి నేపథ్యం మళ్లీ మొదట్నుంచీ నడుస్తుంది, కాబట్టి ఒక రైతు లెక్క ఇంకో రైతుకి అంటుకోదు. ఒక్క మాట గట్టిగా చెప్తా, లెక్కని స్టెప్ ఫంక్షన్‌లో చెయ్యకండి. 212ని 80తో భాగించి 12000తో గుణించడం స్టెప్పులోనే రాసేసిన వాళ్లని చూశా, అప్పుడు టెస్టు మీ ప్రోగ్రామ్‌ని కాదు, టెస్టునే టెస్టు చేస్తుంది. డబ్బుకి ఫ్లోట్ (దశాంశాల్ని సుమారుగా దాచుకునే అంకె రకం) కూడా వద్దు, కచ్చితంగా దాచుకునే డెసిమల్ వాడండి, పైసలొస్తే పైకి సర్దాలా కిందికి సర్దాలా అన్నది మీరు తేల్చకుండా షావుకారునే అడగండి.

మళ్లీ బిహేవ్ నడిపితే ఆకుపచ్చ. నా పాత కోడ్ మీద మొదటిసారి నడిపినప్పుడు ఎర్రగా వచ్చింది, 31800 ఉండాల్సిన చోట 36000. షావుకారు గారు చీటీ చూసి పట్టుకున్న తప్పే, ఈసారి తెర మీద.

అసలు లాభం ఉన్నది దీని తర్వాత. ఒకే రూలుని నాలుగైదు లెక్కలతో చూడాలంటే సన్నివేశం బదులు కథనం అని పెట్టాలి, ఇలా:

  కథనం: సంచులెన్నైనా లెక్క కిలోల మీదే
    ఈ పరిస్థితిలో రైతు <సంచులు> సంచుల్లో <తూకం> కిలోలు తూయించాడు
    అప్పుడు రైతుకి <డబ్బు> రూపాయలు ఇవ్వాలి

    ఉదాహరణలు:
      | సంచులు | తూకం | డబ్బు |
      | 1 | 81 | 12000 |
      | 2 | 150 | 22200 |
      | 5 | 386 | 57150 |

ఒక్కో వరస ఒక్కో టెస్టు కింద నడుస్తుంది, కొత్త పైథాన్ ఒక్క లైను కూడా అక్కర్లేదు. నేను ఈ పట్టికని ప్రింట్ తీసి డబ్బు గడి ఖాళీగా వదిలి గుమస్తా గారికిచ్చా. ఆయన చెవిలో పెన్ను తీసి, క్యాలిక్యులేటర్ కూడా ముట్టుకోకుండా, నింపేశారు. అవే ఫైల్‌లోకి ఎక్కించా. మీరూ అలాగే చెయ్యండి, జవాబులు మీరు నింపితే మీ అపోహే పట్టికలోకి వచ్చి కూర్చుంటుంది. నింపుతూ నింపుతూ ఆయనే అన్నారు, "మా చుట్టాల సంచులు ప్లాస్టిక్‌వి బావు, వాటికి కిలో తరుగు తీస్తే ఊరుకోరు" అని. ఆ రూలు నాకు రెండు వారాల్లో ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు కూడా, అడగాలని ఎలా తెలుస్తుంది.

సన్నివేశాల్లో "సేవ్ బటన్ నొక్కితే", "రెండో బాక్సులో టైప్ చేస్తే" లాంటివి రాయకండి. స్క్రీన్ మారిన రోజు అన్నీ కూలతాయి, పైగా షావుకారు గారు మొదటి లైన్‌లోనే ఆవలిస్తారు. ఆయన వ్యాపారంలో ఏం జరుగుతుందో అదే రాయండి.

ఇక తెలుగులో రాసే వాళ్లకి మాత్రమే వచ్చే తలనొప్పి ఒకటుంది, దీనికి నేను ఒక ఆదివారం మొత్తం తగలేశా. ఫీచర్ ఫైల్‌లో స్టెప్పు ఉంది, పైథాన్‌లో అదే వాక్యం ఉంది, కంటికి రెండూ ఒక్కలాగే ఉన్నాయి, బిహేవ్ మాత్రం ఈ స్టెప్పు నాకు తెలీదంటోంది. చివరికి తేలిందేంటంటే ఇంగ్లీష్ మాటల్ని తెలుగులో రాసేటప్పుడు, క్యాష్‌బుక్ లాంటివి, పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా కీబోర్డు మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు పెడుతుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ఫోన్‌లో టైప్ చేసిన దాంట్లో అది ఉంది, లాప్‌టాప్‌లో కొట్టిన దాంట్లో లేదు. కంప్యూటర్‌కి అవి రెండు వేర్వేరు మాటలు. అందుకే స్టెప్పు వాక్యాన్ని రెండోసారి టైప్ చెయ్యకండి, ఎప్పుడూ కాపీ పేస్టే. చెయ్యాలి, చేయాలి అని ఒకచోట ఒకలా రాసినా ఇదే గతి.

విండోస్ వాళ్లకి ఇంకోటి. ఫైళ్లు యూటీఎఫ్ ఎనిమిదిలోనే సేవ్ చెయ్యండి, టెర్మినల్‌లో తెలుగు బదులు యూనికోడ్ ఎర్రర్ వస్తే పైథాన్‌యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1 చెయ్యండి. అప్పటికీ నల్ల తెర మీద ఒత్తులు విడిపోయి కనపడొచ్చు, అది ఫాంట్ గోల, టెస్టుకేం కాదు. ఎడిటర్‌లో ఉన్న టెర్మినల్ వాడితే కాస్త నయం.

యాంబిగ్యువస్ స్టెప్ అని ఎర్రర్ వస్తే ఒకే వాక్యానికి రెండు ఫంక్షన్లు తగులుతున్నాయని అర్థం. "రైతుకి ఇంత ఇవ్వాలి", "రైతుకి ఇంత రూపాయలు ఇవ్వాలి" అని రెండూ పెట్టుకుని, మొదటిదాంట్లో అంకెకి కోలన్ డి పెట్టకపోతే రావొచ్చు. ఒకటి తీసెయ్యండి.

అన్నింటికీ బిహేవ్ పెట్టాలనుకోకండి. డేట్ ఫార్మాట్లు, ఫోన్ నెంబర్ చెకింగ్ లాంటివి మామూలు యూనిట్ టెస్టుల టూల్ పైటెస్ట్‌లో ఉంచుకుంటేనే సుఖం, షావుకారుకి వాటితో పనిలేదు. డబ్బు చేతులు మారే చోట, మాటకి రెండర్థాలున్న చోట మాత్రం పెట్టండి. నా దగ్గర మొత్తం పద్నాలుగు సన్నివేశాలే ఉన్నాయి. మీది జావానో జావాస్క్రిప్టో అయితే కుకుంబర్ వాడుకోండి, పైన చెప్పిన తెలుగు మాటలూ మొదటి లైనూ అక్కడా అవే.

సగం తేలిన రూలు ఉంటే దాని సన్నివేశం పైన యాట్ గుర్తు పెట్టి డబ్ల్యూఐపీ (వర్క్ ఇన్ ప్రోగ్రెస్, పని ఇంకా నడుస్తోందని) అని ట్యాగ్ తగిలించండి, రోజువారీ టెస్టుల్లోంచి ట్యాగ్ పేరుతో దాన్ని పక్కన పెట్టుకోవచ్చు. నా పద్నాలుగింట్లో ఒకదానికి ఆ ట్యాగ్ ఉంది, తడి పిక్కలది. తడికి ఎంత తరుగు తియ్యాలో షావుకారు గారు ఒక మాట, గుమస్తా గారు ఒక మాట చెప్తున్నారు, రెండు నెలల నుంచీ ఆ స్టెప్పు పసుపుగానే ఉంది.