వీఆర్ కాక్‌పిట్‌లో స్విచ్‌లను చేతివేళ్లతో నొక్కడం ఎలా?

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ పెట్టుకుని ఫ్లైట్ సిమ్యులేటర్‌లో కూర్చున్న మరుక్షణం కీబోర్డు, మౌస్ కంటికి కనిపించకుండా పోతాయి. ఎదురుగా పదుల కొద్దీ స్విచ్‌లు ఉన్నా, వాటిని తాకడానికి బల్లపై మౌస్ కోసం తడుముకోవలసి వస్తుంది. హెడ్‌సెట్ కెమెరాలు మన వేళ్ల కదలికలను గుర్తించే హ్యాండ్ ట్రాకింగ్ ఈ ఇబ్బందిని చాలావరకు తీరుస్తుంది. అయితే ఇది స్విచ్‌లకే పరిమితం కావాలి. గాలిలో పిడికిలి బిగించి పట్టుకున్న స్టిక్‌కు ఎదురుబలం ఉండదు కనుక, విమానాన్ని నడపడానికి అసలైన జాయ్‌స్టిక్, థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని మార్చే లివర్) ఉండవలసిందే.

మెటా క్వెస్ట్ 3 హెడ్‌సెట్, కంప్యూటర్ దృశ్యాన్ని వైర్ లేకుండా హెడ్‌సెట్‌కు పంపే వర్చువల్ డెస్క్‌టాప్ యాప్, యుద్ధవిమానాల సిమ్యులేటర్ అయిన డీసీఎస్ వరల్డ్ ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని ఈ క్రమం చెబుతున్నాను. ముందుగా హెడ్‌సెట్ సెట్టింగులలో హ్యాండ్ ట్రాకింగ్ ఆన్ చేసి, కంట్రోలర్లను పక్కన పెట్టండి. గదిలో వెలుతురు సమంగా ఉండాలి. మసక చీకటిలో కెమెరాలకు వేళ్లు సరిగా అందవు. అలాగని కిటికీ పక్కన ఎండలో కూర్చోకూడదు, ఎందుకంటే ఎండ నేరుగా లెన్సులలో పడితే లోపలి తెర దెబ్బతింటుంది. సొంతంగా ఇన్‌ఫ్రారెడ్ కాంతిని వెదజల్లే లీప్ మోషన్ పరికరం వాడేవారికి చీకటి అడ్డు కాదు గానీ, తీవ్రమైన ఎండ దానికీ గిట్టదు.

తరువాత వర్చువల్ డెస్క్‌టాప్‌లో ఓపెన్‌ఎక్స్‌ఆర్ రన్‌టైమ్‌గా (సిమ్యులేటర్‌ను హెడ్‌సెట్‌తో కలిపే సాఫ్ట్‌వేర్‌గా) వీడీఎక్స్‌ఆర్‌ను ఎంచుకుని, ట్రాకింగ్ సమాచారాన్ని కంప్యూటర్‌కు పంపే ఆప్షన్‌ను ఆన్ చేయాలి. ఆపైన హ్యాండ్ ట్రాక్డ్ కాక్‌పిట్ క్లిక్కింగ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను ఇన్‌స్టాల్ చేసి, దాని సెట్టింగులలో పాయింటర్‌కు ఆధారంగా హ్యాండ్ ట్రాకింగ్‌ను ఎంచుకోవాలి. డీసీఎస్‌లోనే చేతులను చూపే సదుపాయం ఉన్నప్పటికీ రెండింటినీ ఒకేసారి ఉంచవద్దు. ఏ క్లిక్ దేనివల్ల వచ్చిందో తెలియక తల పట్టుకోవలసి వస్తుంది.

ఇక చేయి ఎటు చూపితే పాయింటర్ అటు వెళ్తుంది. బొటనవేలికి చూపుడువేలు తాకిస్తే ఎడమ క్లిక్, మధ్యవేలు తాకిస్తే కుడి క్లిక్. డీసీఎస్‌లో ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే మూడు స్థానాలున్న స్విచ్‌లు చాలావరకు ఒక క్లిక్‌కు ఒకవైపు, రెండో క్లిక్‌కు మరోవైపు కదులుతాయి.

సాధనకు డీసీఎస్‌లోని టీఎఫ్-51డీ విమానం సరిపోతుంది. డీసీఎస్‌తో ఉచితంగా వచ్చే మరో విమానమైన సు-25టీ కాక్‌పిట్‌లో స్విచ్‌లను క్లిక్ చేయడం కుదరదు కనుక దాంతో మొదలుపెట్టడం వృథా. కుర్చీలో సర్దుకుని నిటారుగా కూర్చుని, నంబర్ ప్యాడ్‌లోని 5 నొక్కి దృశ్యాన్ని మధ్యకు తెచ్చుకోండి. మొదట ఎదురుగా ఉన్న ప్యానెల్‌పై పెద్ద స్విచ్‌లను ప్రయత్నించి, తరువాత ఎడమవైపు కింద ఉన్న ల్యాండింగ్ గేర్ లివర్ దగ్గరకు రండి. అసలు పరీక్ష అక్కడే. కెమెరాలు హెడ్‌సెట్‌కే ఉంటాయి కనుక, కళ్లు మాత్రమే తిప్పితే చాలదు. తల కూడా కిందికి వంచి చేతిని వాటి చూపులోకి తేవాలి. వేళ్లు ఒకదాని వెనుక ఒకటి దాగినా గుర్తింపు తప్పుతుంది కాబట్టి, అరచేతిని కాస్త పక్కకు తిప్పి బొటనవేలు, చూపుడువేలు రెండూ కెమెరాకు కనిపించేలా ఉంచండి.

ఎక్కువగా విసిగించేది అనుకోకుండా పడే క్లిక్. స్టిక్ పట్టుకున్న చేతిలో బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా ఉండడంతో ట్రాకింగ్ దాన్ని నొక్కుగా పొరబడవచ్చు. స్టిక్‌ను మోకాళ్ల మధ్య తక్కువ ఎత్తులో అమర్చుకుంటే ఆ చేయి కెమెరాల చూపు అంచున ఉండి ఈ బెడద తగ్గుతుంది. మూత ఉన్న స్విచ్‌ల మూతలు పని కాగానే మూసేయడం కూడా మంచిది. నా మట్టుకు ఇంజిన్ స్టార్ట్ చేయడం, రేడియో మార్చడం వంటి తీరికైన పనులకే వేళ్లను వాడి, దిగే సమయంలో కావలసిన ఫ్లాప్‌లు, గేర్, బ్రేకులను జాయ్‌స్టిక్, థ్రాటిల్ బటన్లకే కేటాయించుకోవడం క్షేమం.