పద్దెనిమిది వేలలో లీటరు పీసీ: ఆఫీసు నుంచి వచ్చిన చిన్న డెస్క్‌టాప్‌ను చూసి కొనడం

పండగ డబ్బులు, స్కాలర్‌షిప్‌లో మిగిలింది, ఇంట్లోవాళ్లు కలిపింది అంతా వేసి ఇంటర్ కుర్రాడి దగ్గర పద్దెనిమిది వేలు పోగయ్యాయనుకుందాం. ఆ డబ్బుకి కొత్త ల్యాప్‌టాప్ అడిగితే దొరికేది పేరుకే కొత్తది. ప్రాసెసర్ నత్తనడక, మెమరీ చాలామటుకు బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకుందామన్నా కుదరదు. అదే డబ్బుకి కంపెనీల్లో లీజు తీరి బయటికొచ్చిన మినీ డెస్క్‌టాప్ తీసుకుంటే పైథాన్, సీ ప్రోగ్రాములు, ఆన్‌లైన్ క్లాసులు, ఫొటో ఎడిటింగ్ అన్నీ హాయిగా నడుస్తాయి.

బజారులో ఎక్కువగా కనబడేవి మూడు: డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ. మూడూ ఇంచుమించు 18 సెంటీమీటర్ల చదరం, మూడున్నర సెంటీమీటర్ల మందం. డబ్బా ఘనపరిమాణం లీటరు చుట్టూ ఉంటుంది కాబట్టి లీటరు పీసీలని పేరు. హైదరాబాద్‌లో అయితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ, బెంగళూరులో ఎస్పీ రోడ్డు, చెన్నైలో రిచీ స్ట్రీట్ వీటికి అడ్డాలు. మొదటి షాపులోనే బేరం తెంపుకోకండి.

ఐ7 అనే మాటకి పడిపోవద్దు

ప్రకటనలో ప్రాసెసర్ పేరు ఐ7 అని పెద్దక్షరాల్లో వేస్తారు. అసలు సంగతి గీత తర్వాతి అంకెలో ఉంటుంది. ఐ7-4765టి అంటే నాలుగో తరం, 2013 నాటిది, నాలుగు కోర్లు (ప్రాసెసర్‌లో ఒకేసారి పనిచేసే భాగాలు). ఐ5-8500టి అంటే ఎనిమిదో తరం, 2018 నాటిది, ఆరు కోర్లు. కొనాల్సింది రెండోది. చివరన ఉన్న టి అంటే 35 వాట్ల రకం. ఇంత చిన్న డబ్బాలో వేడి తట్టుకోవాలంటే అదే సరి.

ఎనిమిదో తరం దగ్గరే గీత గీయడానికి కారణముంది. విండోస్ 10కి మామూలుగా వచ్చే అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఇంటెల్ జాబితా, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది. డెల్‌లో 3060, 5060, 7060. లెనోవోలో ఎం720క్యూ, ఎం920క్యూ. హెచ్‌పీలో ఎలైట్‌డెస్క్ 800 జీ4 ఈ కోవలోవి. ఆరో తరం డబ్బాలు బాగా చవగ్గా వస్తాయి. విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని కోడింగ్ నేర్చుకోవడానికైతే అవీ బంగారమే. షాపువాడు విండోస్ 11 ఎక్కించి చూపించాడు కదా అని మాత్రం ఎనిమిదో తరం ధర ఇవ్వకండి.

ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న కొత్త మినీ పీసీలు కూడా ఇదే ధరలో తారసపడతాయి. కరెంటు చాలా తక్కువ తాగుతాయి, వీడియోలు బాగా ఆడతాయి. కానీ వేగం ఆరో తరం ఐ5 చుట్టుపక్కలే, మెమరీకి ఒక్కటే చానల్, అంటే ప్రాసెసర్‌తో కలిపే దారి ఒక్కటే. వారంటీ కాగితం ముఖ్యమనుకునే ఇంట్లో అది తీసుకోండి, లేకపోతే ఆరు కోర్లే మేలు.

డబ్బు ఎలా పంచుకోవాలి

డబ్బాకి పన్నెండు పదమూడు వేలు, పాత 20 లేదా 22 అంగుళాల మానిటర్‌కి మూడు వేలు, కీబోర్డు, మౌస్‌కి ఆరేడు వందలు, వైఫైకి ఐదొందలు. మిగిలింది కేబుళ్లకి, ఆటోకి. ధరలు ఊరిని బట్టి, నెలను బట్టి మారతాయి, పాళ్లు మాత్రం ఇంతే. ఇంట్లో టీవీ ఉంటే మానిటర్ డబ్బు కొన్నాళ్లు ఆగుతుంది. టీవీలో అంచులు తెగి టాస్క్‌బార్ కనబడకపోతే చెడిపోయింది కంప్యూటర్ కాదు. టీవీ పిక్చర్ సెట్టింగ్స్‌లో జస్ట్ స్కాన్ లేదా స్క్రీన్ ఫిట్ అనేది ఆన్ చేయాలి.

కనీసం 8 జీబీ మెమరీ, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నదే అడగండి. ఆ 8 జీబీ ఒకే స్టిక్‌గా ఉంటే మంచిది, రెండో స్లాటు ఖాళీగా మిగులుతుంది. తర్వాత కొంటే ల్యాప్‌టాప్ సైజు డీడీఆర్4 కొనాలి, పెద్ద డెస్క్‌టాప్ స్టిక్ ఇందులో పట్టదు. 2025 చివర్లో మెమరీ ధరలు బాగా ఎగబాకాయి కాబట్టి మెమరీ లేని డబ్బా చవగ్గా వస్తోందని సంబరపడితే తర్వాత స్టిక్ దగ్గర బిల్లు పేలుతుంది.

అడాప్టర్ దగ్గర మోసపోకండి

వీటి లోపల పవర్ సప్లై ఉండదు, ల్యాప్‌టాప్‌కి ఉన్నట్టే బయట ఇటుకలాంటి అడాప్టర్ ఉంటుంది. డెల్, హెచ్‌పీలకు 19.5 వోల్టులు, లెనోవోకి 20 వోల్టులు. ఈ 35 వాట్ల రకాలకు 65 వాట్లది సరిపోతుంది. డెల్ పిన్ను మధ్యలో సన్నటి సూది లాంటిది ఒకటి ఉంటుంది. అడాప్టర్ ఎన్ని వాట్లదో బోర్డుకి చెప్పేది అదే. ఆ సూది వంగినా, నకిలీ అడాప్టర్ అయినా మెషీన్ ఆన్ అవుతుంది. అందుకే ఆన్ అయింది కదా చాలనుకుంటే తేడా పట్టుకోలేం. కానీ అడాప్టర్‌ను గుర్తుపట్టలేదని స్టార్టింగ్‌లో హెచ్చరిక వస్తుంది, ప్రాసెసర్ వేగం పడిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి ఏదైనా వీడియో పెట్టి చూడండి. పని నడుస్తున్నా వేగం 1 గిగాహెర్ట్జ్ కిందే అతుక్కుపోయి ఉంటే ముందు అడాప్టర్ మార్చమనండి. ఒరిజినల్ అడాప్టర్ బిల్లులో రాయించుకోండి.

డబ్బివ్వకముందు అరగంట

పవర్ నొక్కగానే డెల్‌లో ఎఫ్2, లెనోవోలో ఎఫ్1, హెచ్‌పీలో ఎఫ్10 కొడుతూ బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగ్స్‌లోకి, వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే అక్కడితో వదిలేయండి. పాత కంపెనీ పెట్టిన తాళం అది, రేపు తీసేస్తానన్న మాటకు విలువలేదు. తేదీ 2018 లాంటి పాత సంవత్సరం చూపిస్తే బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందన్నమాట. నాణెమంత బ్యాటరీ, అక్కడే కొత్తది వేయించుకోండి.

తర్వాత విండోస్‌లో రన్ తెరిచి ఎస్‌ఎల్‌ఎంజీఆర్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ డీఎల్‌ఐ అనండి. వచ్చే చిన్న పెట్టెలో ఓఈఎం అని ఉంటే లైసెన్సు బోర్డుతో వచ్చిందే అయి ఉంటుంది. కేఎంఎస్ అని ఉంటే అది కంపెనీల కోసం ఇచ్చే రకం. ఇంటికొచ్చాక యాక్టివేషన్ పోతుంది, లేదంటే దొంగ టూల్‌తో నడిపిస్తున్నారు. అలాంటప్పుడు బోర్డుకి లైసెన్సు ఉందో లేదో తేల్చుకున్నాకే ధర మాట్లాడండి.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం శాతంలో చూపిస్తుంది. 80కి తగ్గితే మార్చమనండి. ఆఖరున పది పదిహేను నిమిషాలు రెండు మూడు యూట్యూబ్ వీడియోలు నడుపుతూనే ఒక పెద్ద జిప్ ఫైలు విప్పండి. ఫ్యాను జెట్ విమానంలా మోగుతూ వేగం దిగిపోతుంటే ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ కింది పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. అది చిన్న పనే, ధరలో తగ్గించుకోవడానికి సాకు. మెషీన్ దానంతటదే ఆగిపోతే మాత్రం వద్దు. యూఎస్‌బీ పోర్టులన్నిట్లో మౌస్ పెట్టి చూడటం మరిచిపోకండి, ముందువైపువే ఎక్కువగా అరుగుతాయి.

వెనక్కి తిప్పి పోర్టులు చూడండి. హెచ్‌పీలో సాధారణంగా రెండూ డిస్‌ప్లేపోర్టులే ఉంటాయి, హెచ్‌డీఎంఐ ఉండకపోవచ్చు. డిస్‌ప్లేపోర్టు నుంచి హెచ్‌డీఎంఐకి మామూలు కేబుల్ చాలు. మానిటర్‌కి నీలం వీజీఏ ఒక్కటే ఉంటే కన్వర్టర్ కావాలి. ఆఫీసు డబ్బాల్లో వైఫై కార్డు తరచూ ఉండదు, కాబట్టి 5 గిగాహెర్ట్జ్ పట్టే యూఎస్‌బీ డాంగిల్ తీసుకోండి. చవక 2.4 డాంగిల్‌ని నీలం యూఎస్‌బీ 3 పోర్టు పక్కన పెడితే ఆ పోర్టు చేసే రేడియో రొదకి సిగ్నల్ తెగుతుంది.

ఆటల సంగతి

ఎనిమిదో తరంలోని యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్‌తో మైన్‌క్రాఫ్ట్, తక్కువ సెట్టింగ్స్‌లో వాలొరంట్ నడుస్తాయి. రెండో మెమరీ స్టిక్ వేస్తే రెండు చానళ్లూ పనిచేసి ఫ్రేములు తేడాగా పెరుగుతాయి. విండోస్ 11లో వాలొరంట్‌కి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సదుపాయాలు రెండూ బయోస్‌లో ఆన్‌లో ఉండాలి. ఇంతకు మించి ఆటలే ముఖ్యమైతే లీటరు డబ్బా వదిలేసి, అదే తరంలో ఎస్‌ఎఫ్‌ఎఫ్ అనే సన్నటి క్యాబినెట్ తీసుకోండి. దానిలో తర్వాత పొట్టి సైజు జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు పెట్టుకోవచ్చు. ఆర్‌ఎక్స్ 6400 కార్డు అమ్మజూపితే ఆలోచించండి, దానికి బోర్డుతో కలిపే లేన్లు (డేటా దారులు) నాలుగే, ఈ పాత బోర్డుల్లో పూర్తి వేగం రాదు.

ఇంటికి తెచ్చాక ఒక్క ఇన్వర్టర్ పని మిగులుతుంది. డెస్క్‌టాప్‌కి బ్యాటరీ లేదు, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు రీస్టార్ట్ అయిపోవచ్చు. చాలా ఇన్వర్టర్ల వెనకాల ఎకో, యూపీఎస్ అని చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని యూపీఎస్ వైపు తోసి, మెయిన్ ఆపి చూడండి. స్క్రీన్ రెప్పవేయకుండా ఉంటే ఆ ప్లగ్గులోనే ఉంచేయండి.