పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్: రాసింది చదవలేకపోతే

సమస్య: రాసేటప్పుడు చేయి సాఫీగానే సాగుతుంది, కానీ గంట తరవాత నోటుబుక్కు తెరిస్తే సగం గుర్తులు పోల్చుకోలేము.

దీన్ని చాలామంది మతిమరుపు అనుకుంటారు కానీ, నా అనుభవంలో తప్పు కొలతల్లో ఉంటుంది. మాటల ధ్వనులను గీతలతో వేగంగా రాసే ఈ పిట్‌మన్ పద్ధతిలో, హల్లు గీతను సగానికి కుదిస్తే దాని వెనుక ట లేదా డ చేరుతుంది, రెట్టింపు చేస్తే టర్, డర్ వంటి ధ్వని చేరుతుంది కనుక, మూడు పొడవులూ దగ్గరపడితే మాటే మారిపోతుంది. రెండో కారణం స్థానం. వేగం పెరిగాక అచ్చులను తెలిపే చుక్కలు, చిన్న గీతలు వదిలేస్తాము కాబట్టి మొదటి అచ్చేమిటో అవుట్‌లైన్ (ఒక మాటకు రాసే గీతల రూపం) నిలిచిన చోటే చెప్పాలి. టాప్, టేప్, టిప్ మూడింటికీ గీతలు ఒక్కటే. మొదటిది రూళ్ల గీతకు పైన, రెండోది గీత మీద, మూడోది గీతను కోస్తూ ఉంటాయి. తెల్ల కాగితం మీద సాధన చేసేవారికి ఈ తేడా అసలు అలవడదు. రూళ్ల పుస్తకం వాడి, ఒక వారం సగం గీతలను మరీ చిన్నవిగా, రెట్టింపువాటిని మరీ పొడుగ్గా రాయండి. రాసినదాన్ని అదే రోజు మామూలు లిపిలోకి మార్చి, వారం తరవాత మళ్లీ చదవండి. అప్పుడు ఆగిన చోటల్లా ఎర్ర సిరాతో సరైన అవుట్‌లైన్ దిద్దుకోవాలి.

సమస్య: ప, బ ఒకేలా కనిపిస్తాయి.

సన్న గీత ప, మందపు గీత బ. బాల్‌పెన్నును నొక్కి రాసే అలవాటు వల్ల సన్నవి కూడా మందమవుతాయి. మెత్తని పెన్సిలు గాని, వంగే పాళీ గల పెన్ను గాని తీసుకుని, సన్న గీతలను కాగితాన్ని తాకీ తాకనట్టు రాస్తే, మందానికి కొద్దిపాటి ఒత్తిడి చాలుతుంది.

సమస్య: షార్ట్‌హ్యాండ్ నిఘంటువులోని అవుట్‌లైన్‌కు, మనం రాసినదానికి పొంతన ఉండదు.

ఈ లిపి ధ్వనిని రాస్తుంది, స్పెల్లింగును కాదు. మనం "బాంబు" అంటాము కనుక చివర మరో బ తగిలిస్తాము. ఇంగ్లీషు ఉచ్చారణలో ఆ బ లేదు, బ-మ తోనే సరి. అనుమానం వచ్చిన మాటను రాసే ముందు ఉచ్చారణ వినండి.

సమస్య: వేగం నిమిషానికి 60 పదాల దగ్గర ఆగిపోయింది.

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ గ్రేడ్-డి స్టెనో పరీక్షకే నిమిషానికి 80 పదాలు కావాలి కనుక, సరదాకి నేర్చుకునేవారికి కూడా అది అందని మెట్టేమీ కాదు. వేళ్ల నిదానం కన్నా, తరచుగా వచ్చే చిన్న మాటల షార్ట్ ఫారమ్‌లు (కుదించిన గుర్తులు) తోచక తడబడటమే ఇక్కడ అడ్డంకి. తడబడిన మాటలను ఒక్కొక్కటి ఒక వరుస నిండా రాయండి. తరవాత అదే పాఠాన్ని రెండేసి నిమిషాల చొప్పున 70 వేగంతో నాలుగుసార్లు డిక్టేషన్ తీసుకోండి. అందని మాట దగ్గర ఆగకుండా ఖాళీ వదిలి ముందుకు సాగండి, ఆగితే దాని వెనుక వచ్చే అయిదు మాటలు కూడా పోతాయి.