బెలూన్ ఎక్కే గైగర్ కౌంటర్, 4వ పాఠం: 400 వోల్టులకు తొడుగు

కిందటి పాఠంలో కట్టిన బోర్డు తిరుపతిలో మీ బల్ల మీద చక్కగా టిక్కుమంటోంది కదా? దాన్ని ఇలాగే ఎగరేస్తే పైన విద్యుత్ రవ్వల్ని కూడా కిరణాలుగా లెక్కపెట్టి అబద్ధాలు చెబుతుంది.

నేల మీద ఒక మిల్లీమీటరు గాలి సందును రవ్వ దూకాలంటే నాలుగు వేల వోల్టులైనా కావాలి. 30 కిలోమీటర్ల ఎత్తున పీడనం 12 మిల్లీబార్లే. అక్కడ అదే సందుకు సుమారు 350 చాలు. కిరణాలను పసిగట్టే మన ఎస్‌బీఎం-20 గొట్టానికి ఇచ్చేది 400! శ్రీహరికోట నుంచి వెళ్లే ఉపగ్రహాలకు ఈ తంటా తక్కువ. గాలి పూర్తిగా వదిలాక హై వోల్టేజీ వేసుకోవచ్చు. బెలూన్ పనిచేయాల్సిందే ఆ చెడ్డ చోట.

ముందు కరెంటు తీసి, కెపాసిటర్‌ను 1 మెగాఓమ్ రెసిస్టర్‌తో ఖాళీ చేయండి. హై వోల్టేజీ తీగకూ గ్రౌండ్‌కూ కనీసం 6 మిల్లీమీటర్ల ఎడం ఉంచండి. సూదిమొనలా లేచిన సోల్డర్‌ను మళ్లీ కరిగించి గుండ్రంగా చేయండి. ఫ్లక్స్ మరకల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, గొట్టం విప్పేసి, బోర్డును 60 డిగ్రీల వద్ద రెండు గంటలు ఆరబెట్టండి. నవంబరు వానల్లో ఈ పని ఎగ్గొట్టకండి.

తర్వాత సిలికోన్ పూత. హార్డ్‌వేర్ షాపులో అద్దాలు అతికించడానికి ఇచ్చే మామూలు ట్యూబు పనికిరాదు. పుల్లటి వెనిగర్ వాసన వచ్చిందంటే అది రాగిని తినే రకం. 'న్యూట్రల్ క్యూర్' అని అడిగి తెచ్చుకోండి. రెండు మిల్లీమీటర్లకు మించకుండా పూసి, రోజు ఆగి, రెండో పూత వేయండి. ఇది గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది కాబట్టి మందంగా పూస్తే లోపల పచ్చిగానే ఉంటుంది. లోపల బుడగ మిగిలితే పూత వేయనట్టే; రవ్వ అక్కడే పుడుతుంది.

పరీక్షకు వాక్యూమ్ జాడీ కావాలి. చీకటి గదిలో 100 నుంచి 10 మిల్లీబార్ల దాకా మెల్లగా దించుతూ, 10 దగ్గర ఇరవై నిమిషాలు ఆపండి. ఇంకా దించితే మంచి బోర్డు కూడా తప్పినట్టు కనబడుతుంది. మన బెలూన్ ఎలాగూ అంత పైకి పోదు. ఊదారంగు వెలుగు ఎక్కడ కనిపిస్తే అక్కడ పూత గీకి మళ్లీ వేయాలి. వెలుగు లేకున్నా లెక్క ఎగిసిపడిందా, అదీ రవ్వే.

ఎగిరి వచ్చాక గ్రాఫ్‌లోనూ ఇదే వెతకండి. కాస్మిక్ కిరణాల లెక్క 15–20 కిలోమీటర్ల మధ్య శిఖరానికి చేరి, ఆపైన తగ్గాలి. 25 దాటాక మళ్లీ పెరిగి, దిగేటప్పుడు అదే ఎత్తున మామూలైపోతే అది ఆకాశం నుంచి వచ్చింది కాదు, మీ పూతలోంచి వచ్చింది.